‘మాంసం తినను’ అనడానికి ‘వోంట్’ ఎందుకు పనికిరాదు

విందులో ఎవరైనా చికెన్ వడ్డించబోతే మనవాళ్ల నోట ఠక్కున వచ్చే ఇంగ్లిష్ వాక్యం "ఐ వోంట్ ఈట్ నాన్‌వెజ్". అర్థమవుతుంది, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్ల చెవికి అది ‘ఎవరెన్ని చెప్పినా సరే, తినేది లేదు’ అని భీష్మించుకున్నట్టు ఉంటుంది. మనం చెప్పదలచుకున్నది ‘నాకు అలవాటు లేదండీ’ అని మాత్రమే. దానికి "ఐ డోంట్ ఈట్ మీట్" చాలు. అన్నట్టు, ‘నాన్‌వెజ్’ మన దేశపు మాట. బయటి దేశాల్లో ‘మీట్’ అంటేనే త్వరగా అందుతుంది.

ఈ పొరపాటు ఇంగ్లిష్ రాక జరిగేది కాదు, తెలుగు బాగా రావడం వల్ల జరిగేది. ‘తింటాను’ అనే రూపం మనకు రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ ఒకటే. "పొద్దున ఇడ్లీ తింటాను" అంటే అలవాటు. "రేపు మీ ఇంట్లోనే తింటాను" అంటే భవిష్యత్తు. మన వ్యాకరణంలో తద్ధర్మం అనే పేరుతో చెప్పేది ఈ రూపాన్నే. దాని వ్యతిరేకం ‘తినను’ కూడా అంతే. పైగా అది మొండితనాన్ని కూడా మోస్తుంది: "తినను, పో!" అని కంచం తోసేసే పిల్లాడి మాట కూడా ఇదే మాట. అలవాటు, రేపటి సంగతి, నిరాకరణ, మూడూ ఒకే రూపంలో కూర్చున్నాయి. ఇంగ్లిష్ వీటిని విడగొడుతుంది. అలవాటైతే ‘డోంట్’. నిరాకరణైతే ‘వోంట్’. ముందే అనుకున్న రేపటి సంగతైతే ఎక్కువగా ‘అయామ్ నాట్ ఈటింగ్’ లేదా ‘అయామ్ నాట్ గోయింగ్ టు ఈట్’.

తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. తెలుగు వాక్యంలో ‘మామూలుగా’ అనే మాట పెట్టి చూడండి. "మా ఆయన మామూలుగా కాఫీ తాగరు" అన్నది నిలబడుతుంది కాబట్టి "మై హస్బెండ్ డజంట్ డ్రింక్ కాఫీ". ఇక్కడ ‘వోంట్’ వాడితే ఆయన కాఫీ మీద అలిగాడనిపిస్తుంది. "ఆ షాపు ఆదివారం తీయరు" కూడా ఇంతే: "దే డోంట్ ఓపెన్ ఆన్ సండేస్". ‘మామూలుగా’ బదులు ‘ఈ రాత్రికి’ అతికితే అది అలవాటు కాదు: "ఈ రాత్రికి తినను", "అయామ్ నాట్ హావింగ్ డిన్నర్ టునైట్".

<b>రాను, రాలేను</b>

పెళ్లి పిలుపుకి వాట్సాప్‌లో జవాబు రాసేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "ఐ వోంట్ కమ్" అంటే ‘రాను’. అంటే, వద్దనుకున్నాను అని. ‘రాలేను’ అనడానికి మధ్యలో ఇంకో మూడు మాటలు కావాలి: "ఐ వోంట్ బీ ఏబుల్ టు కమ్". ఇంకాస్త సహజంగా "ఐ వోంట్ బీ ఏబుల్ టు మేక్ ఇట్". ‘మేక్ ఇట్’ అంటే ఇక్కడ సమయానికి చేరుకోవడం, వీలు చేసుకుని రావడం. మన ‘కుదరదు’కి దగ్గరగా ఉండే మాట అది.

‘ఐ కాంట్ కమ్’ తప్పేం కాదు, కాస్త పొడిగా ఉంటుందంతే. తప్పు ఎక్కడంటే, "టుమారో ఐ కుడ్‌న్ట్ కమ్" అన్నప్పుడు. ‘కుడ్’ అంటే మర్యాద అని బళ్లో నేర్చుకుంటాం, అది నిజమే. కానీ ఆ మర్యాద అడిగేటప్పుడు పనిచేస్తుంది: "కుడ్ యు హెల్ప్ మీ?" కాదనేటప్పుడు ‘కుడ్‌న్ట్’ అంటే వినేవాడికి జరిగిపోయిన సంగతిగా తోస్తుంది. రేపటి సంగతి చెబుతూ ‘కుడ్‌న్ట్’ అనడం "రేపు రాలేకపోయాను" అన్నట్టు ఉంటుంది. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోండి. ఇంకో గరిటె వేయబోతుంటే "ఐ కుడ్‌న్ట్ ఈట్ అనదర్ బైట్" అంటారు. ఒక్క ముద్ద కూడా పట్టదు అని. అక్కడ ‘కుడ్‌న్ట్’ ఊహకి సంబంధించినది, పెట్టినా తినలేను అని.

అలాంటి చోట మనవాళ్లు "ఐ డోంట్ వాంట్" అనేస్తారు. ‘వద్దండీ’లో ఉన్న ‘అండీ’ ఇంగ్లిష్‌లోకి రాదు, ఉత్త ‘నాకొద్దు’ మిగులుతుంది. "నో, థాంక్ యూ. అయామ్ ఫుల్" అంటే ఆ ‘అండీ’ తిరిగి వచ్చినట్టే.

ఇక ‘కాంట్ ఏబుల్ టు’. "ఐ కాంట్ ఏబుల్ టు అండర్‌స్టాండ్", "ఐ డిడ్‌న్ట్ ఏబుల్ టు కమ్" అనేవి ఇంటర్వ్యూల్లో తరచూ దొర్లే వాక్యాలు. ‘కెన్’ అన్నా ‘ఏబుల్’ అన్నా చెప్పేది శక్తి గురించే, కాబట్టి రెండూ కలిపితే ‘చేయలేలేను’ అన్నట్టు అవుతుంది. పైగా ‘ఏబుల్’ క్రియ కాదు, విశేషణం. ‘హ్యాపీ’ లాంటిదే అనుకోండి. "ఐ డిడ్‌న్ట్ హ్యాపీ" అనం కదా, "ఐ వజంట్ హ్యాపీ" అంటాం. అలాగే "ఐ వజంట్ ఏబుల్ టు కమ్". నోటికి ‘ఏబుల్’ వచ్చిన ప్రతిసారీ ముందు ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీన్‌లలో ఏదో ఒకటి ఉందా అని చూసుకుంటే చాలు.

అయితే ‘కాంట్’ ఉండగా ఈ పొడుగాటి ‘బీ ఏబుల్ టు’ ఎందుకు? ‘కెన్’ తన ముందు ఇంకో సహాయక క్రియని నిలబడనివ్వదు. ‘విల్ కెన్’ లేదు, ‘హావ్ కెన్’ లేదు. ‘విల్’తో భవిష్యత్తు చెప్పాలన్నా, అప్పటినుంచి ఇప్పటిదాకా అని చెప్పాలన్నా ‘ఏబుల్’ని పిలవాల్సిందే. "మూడు రోజులుగా ఆయన్ని పట్టుకోలేకపోతున్నాను" అనే వాక్యం మనవాళ్లకి "అయామ్ నాట్ ఏబుల్ టు రీచ్ హిమ్ సిన్స్ త్రీ డేస్" అని వస్తుంది. కావలసింది "ఐ హావెంట్ బీన్ ఏబుల్ టు రీచ్ హిమ్ ఫర్ త్రీ డేస్". ఈ ఒక్క అచ్చు నోటికి పట్టిస్తే ఆఫీసులో సగం మెయిళ్లు చక్కబడతాయి.

గతం విషయంలో కొంత ఊరట ఉంది. అయిన పనికి ‘కుడ్’, ‘వాజ్ ఏబుల్ టు’ల మధ్య తేడా చూడాలి. నిన్న ఒక్కసారి ఎలాగో రైలు అందుకున్నామంటే "ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్ ద ట్రెయిన్" లేదా ‘మేనేజ్‌డ్ టు’ అంటారు, ‘కుడ్’ అనరు. కాని పనికి ఆ బాధ లేదు: "ఐ కుడ్‌న్ట్ క్యాచ్ ద ట్రెయిన్" హాయిగా నడుస్తుంది.

‘చేయలేదు’, ‘చేయలేకపోయాను’ల తేడా మాత్రం వదులుకోకండి. రిపోర్టు ఏదని మేనేజర్ అడిగితే "ఐ డిడ్‌న్ట్ డూ ఇట్" అనేది నేరం ఒప్పుకున్నట్టు ఉంటుంది. ‘కుదరలేదండీ’ అనే భావానికి "ఐ డిడ్‌న్ట్ గెట్ ఎ ఛాన్స్ టు" సరిగ్గా సరిపోతుంది. తెలుగులో ఇక్కడే ఒక తమాషా ఉంది. "నిన్న ఆమె రాలేదు" అంటే రావడం జరగలేదు. "రేపు ఆమె రాలేదు" అంటే వచ్చే వీలు లేదు. అక్షరం తేడా లేదు, ‘నిన్న’, ‘రేపు’లే అర్థాన్ని మోస్తున్నాయి. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఆ భారం క్రియ మీద పడుతుంది: "షీ డిడ్‌న్ట్ కమ్", "షీ కాంట్ కమ్". తెలంగాణ మాటలో ఇంకో మెలిక. "నేను వస్తలేను" అన్నదాంట్లో ‘లేను’ కనిపిస్తుంది కానీ అది అశక్తత కాదు, ‘రావట్లేదు’ అని. కాబట్టి "అయామ్ నాట్ కమింగ్".

<b>తెలుగులో ‘లేను’ లేకపోయినా ఇంగ్లిష్‌లో ‘కాంట్’</b>

వీడియో కాల్‌లో రోజూ వినే మాట: "యువర్ వాయిస్ ఈజ్ నాట్ కమింగ్". మనకు వినపడడం అనేది మన దగ్గరికి వచ్చే సంగతి, మనం చేసే పని కాదు. నాకు వినపడట్లేదు, నాకు కనపడట్లేదు, నాకు నిద్ర పట్టట్లేదు, తాళం దొరకట్లేదు, పేరు గుర్తు రావట్లేదు. అన్నిట్లోనూ మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడి ఉంటాడు, లేదా వాక్యంలోనే ఉండడు. ఇంగ్లిష్ అతన్ని ముందుకు లాగి, చేతకానితనం అతని మీదే పెడుతుంది: "ఐ కాంట్ హియర్ యు", "ఐ కాంట్ సీ యువర్ స్క్రీన్", "ఐ కాంట్ స్లీప్", "ఐ కాంట్ ఫైండ్ మై కీస్", "ఐ కాంట్ రిమెంబర్ హిజ్ నేమ్". మన వాక్యంలో ‘లేను’ లేదు కాబట్టి మనకు ‘కాంట్’ తట్టదు. అందుకే "స్లీప్ ఈజ్ నాట్ కమింగ్", "ఐ యామ్ నాట్ హియరింగ్" లాంటివి పుడతాయి. నాకు మాత్రం ఈ విషయంలో తెలుగే న్యాయంగా అనిపిస్తుంది. నిద్ర పట్టకపోవడం మనిషి తప్పు కాదు కదా.

నైపుణ్యం మాటలు కూడా ఈ కోవలోవే. ‘నాకు ఈత రాదు’ని "ఐ డోంట్ నో స్విమ్మింగ్" అంటే మన దేశంలో చెల్లుతుంది, బయట "ఐ కాంట్ స్విమ్" అంటారు. ‘కారు నడపడం రాదు’ అంటే "ఐ కాంట్ డ్రైవ్". "ఐ డోంట్ డ్రైవ్" అంటే లైసెన్స్ ఉండి కూడా నడపని మనిషి కావచ్చు. భాషల దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది: ‘నాకు హిందీ రాదు’ని "ఐ డోంట్ స్పీక్ హిందీ" అనడమే ఎక్కువ.

‘నా వల్ల కాదు’, తెలంగాణలో ‘నాతోని కాదు’. దీన్ని "ఫ్రమ్ మీ నాట్ పాసిబుల్" అని మార్చడం కుదరదు. ఓపిక అయిపోయి అన్నదైతే "ఐ కాంట్ డూ దిస్ ఎనీమోర్". నా స్థాయికి మించింది అనైతే "ఇట్స్ బియాండ్ మీ". నిర్ణయం నాది కాదు, పైవాళ్లది అనే అర్థంలో ‘నా చేతిలో లేదు’ అనైతే "ఇట్స్ నాట్ అప్ టు మీ". మనిషి గురించి ‘చేతకాదు’ అనాలంటే జాగ్రత్త. "హీ ఈజ్ నాట్ కేపబుల్" అన్నది తెలుగులో ‘చేతకానివాడు’ అన్నంత గట్టిగానే తగులుతుంది. "హీ ఈజ్ నాట్ వెరీ గుడ్ ఎట్ ఇట్" అంటే పని జరిగిపోతుంది. ఒకవేళ ‘కేపబుల్’ వాడినా దాని వెనక ‘టు’ రాదు, ‘ఆఫ్ డూయింగ్’ అని రావాలి.

ఇష్టం లేకపోవడం అశక్తత వేషం వేసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. నాన్న వాడిన స్కూటర్ అమ్మడానికి మనసొప్పడం లేదు: "ఐ కాంట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు సెల్ డాడ్స్ స్కూటర్". శక్తి ఉంది, బేరం కూడా ఉంది, మనసు లేదు. ఇక్కడ "అయామ్ నాట్ ఇంట్రెస్టెడ్ టు సెల్" అంటే ఆ బరువంతా ఆవిరైపోతుంది. ‘ఆ గోల భరించలేను’: "ఐ కాంట్ స్టాండ్ దట్ నాయిస్". నిలబడడానికీ దీనికీ సంబంధం లేదు. ‘నవ్వు ఆపుకోలేకపోయాను’: "ఐ కుడ్‌న్ట్ హెల్ప్ లాఫింగ్". ఈ ‘హెల్ప్’ సాయం కాదు, ఆపుకోవడం. దాని వెంటనే వచ్చే క్రియకి ‘ఇంగ్’ తప్పనిసరి.

<b>బండి మొరాయిస్తే ‘వోంట్’</b>

ఇంతసేపూ ‘వోంట్’ తగ్గించమన్నాం. ఇప్పుడు అది కావలసిన చోటు. బండి స్టార్ట్ కావట్లేదు, తలుపు తెరుచుకోవట్లేదు, జిప్పు పైకి రావట్లేదు. మనం "ద బైక్ ఈజ్ నాట్ స్టార్టింగ్" అంటాం, ఇంగ్లిష్‌వాళ్లు "ద బైక్ వోంట్ స్టార్ట్" అంటారు. ప్రాణం లేని వస్తువుకి మొండితనం అంటగట్టడం అన్నమాట. మనం ‘మొరాయించింది’ అంటాం కదా, అదే. "ద డోర్ వోంట్ ఓపెన్", "ద స్టెయిన్ వోంట్ కమ్ అవుట్". జరిగిపోయిందైతే ‘వుడ్‌న్ట్’: "ద కార్ వుడ్‌న్ట్ స్టార్ట్ దిస్ మార్నింగ్". మనుషులకీ వర్తిస్తుంది. ‘ఎంత చెప్పినా వినలేదు’ అన్నదాన్ని "హీ డిడ్‌న్ట్ లిసన్" అంటే చెవిన పెట్టలేదని మాత్రమే. "హీ వుడ్‌న్ట్ లిసన్" అంటే ససేమిరా అన్నాడని.

ఈ తేడా ప్రాణం మీదికొచ్చే చోటు డాక్టర్ గది. ‘బాబు ఏమీ తినడం లేదు’ అని తెలుగులో చెబితే తెలుగు డాక్టర్ ఇంకో రెండు ప్రశ్నలు వేసి లాగుతారు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో మీరు ఎంచుకున్న క్రియని బట్టే మొదటి అంచనా మొదలవుతుంది. "హీ వోంట్ ఈట్" అంటే పెడుతుంటే తోసేస్తున్నాడు. "హీ ఈజంట్ ఈటింగ్" అంటే తిండి తగ్గింది, కారణం తెలియదు. "హీ కాంట్ స్వాలో" అంటే మింగుడు పడట్లేదు, గొంతులో ఏదో అడ్డం ఉంది లేదా నొప్పి ఉంది. మూడోది విన్న డాక్టర్ తొందరపడతారు. పెద్దవాళ్ల చెయ్యి లేవకపోతే కూడా "షీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ హర్ ఆర్మ్" అనకుండా "షీ కాంట్ లిఫ్ట్ హర్ ఆర్మ్" అనండి.

<b>కాదనే మర్యాద</b>

‘రాలేనేమోనండీ’లోని ‘ఏమో’ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే మాట "ఐ డోంట్ థింక్ ఐ కెన్ మేక్ ఇట్". మనకు సహజంగా వచ్చేది "ఐ థింక్ ఐ కాంట్ కమ్", ఎందుకంటే మన వాక్యంలో ‘రాలేను’ ముందు, ‘అనుకుంటాను’ తర్వాత, కాదనడం ‘రాలేను’లోనే ఉంది. ఇంగ్లిష్ ఆ కాదనడాన్ని ‘థింక్’ మీదికి జరుపుతుంది.

"అయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్" అన్నప్పుడు ఎవరూ భయపడట్లేదు, అది ‘ఏమనుకోకండి’ అనడం. ‘నాకు ఇష్టం లేదు’ని "అయామ్ నాట్ ఇంట్రెస్టెడ్" అంటే ఫోన్‌లో క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లకి సరిపోతుంది, స్నేహితులకి కాదు. సినిమాకి రమ్మంటే "ఐ డోంట్ ఫీల్ లైక్ గోయింగ్ అవుట్ టునైట్", ఒంట్లో బాగోకపోతే "ఐ డోంట్ ఫీల్ అప్ టు ఇట్", కారణం చెప్పడం ఇష్టం లేకపోతే "ఐడ్ రాదర్ నాట్". అప్పు అడిగినవాళ్లకి "అయామ్ నాట్ ఇన్ ఎ పొజిషన్ టు లెండ్ రైట్ నౌ" పనికొస్తుంది. డబ్బు లేదనీ చెప్పదు, ఇవ్వననీ చెప్పదు. సంజాయిషీ ఒక్కటి చాలు. మనం మూడు కారణాలు చెబితే గౌరవం అనుకుంటాం, అక్కడ మూడో కారణం వినేసరికి అనుమానం మొదలవుతుంది.

అన్నిటికంటే పెద్ద గోతి ‘చూద్దాం’. మన దగ్గర ‘చూస్తానండీ’, ‘ప్రయత్నిస్తాను’ అంటే సగం మంది దాన్ని ‘కాదు’గానే తీసుకుంటారు. "ఐ విల్ ట్రై" అంటే అవతలివాళ్లు మీ పేరు రాసేసుకుంటారు, కుర్చీ కూడా వేయిస్తారు. రాలేమని తెలిసినప్పుడు ఆ మాట వాడకండి.

ప్రశ్నే వ్యతిరేకంగా వస్తే ఇంకో చిక్కు. "మీరు రారా?" అంటే మనం "అవును, రాను" అంటాం, అడిగిన మాటకి ఒప్పుకుంటూ. "ఆరంట్ యు కమింగ్?" అన్నదానికి "యెస్" అంటే వస్తున్నట్టే. రాకపోతే "నో, అయామ్ నాట్". దీన్ని తర్కించుకుంటూ కూర్చుంటే జవాబు ఆలస్యమవుతుంది. ప్రశ్న ఎలా ఉన్నా పని జరుగుతుందంటే ‘యెస్’, జరగదంటే ‘నో’ అని పెట్టుకోండి. "వుడ్ యు మైండ్ వెయిటింగ్?" ఒక్కటి పంటికింద రాయి. ‘మీకేమైనా ఇబ్బందా’ అని అడుగుతున్నారు కాబట్టి ఆగడానికి సిద్ధమైతే "నో, నాట్ ఎట్ ఆల్" అనాలి.

‘ఒప్పుకోలేదు’ అనడానికి ‘డినైడ్’ వాడడం మన పేపర్ ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తుంది. "హీ డినైడ్ టు కమ్" తప్పు. ‘డినై’ అంటే ఆరోపణ నిజం కాదనడం. రానన్నాడు అంటే "హీ రిఫ్యూజ్‌డ్ టు కమ్", మర్యాదగా రానన్నాడు అంటే ‘డిక్లైన్‌డ్’.

ఇంత జాగ్రత్తపడ్డా ఉచ్చారణ దగ్గర తిరగబడొచ్చు. ‘వోంట్’లో దీర్ఘం తగ్గి ‘వొంట్’ అయితే అది ‘వాంట్’కి దగ్గరైపోతుంది, ‘వద్దు’ కాస్తా ‘కావాలి’గా వినపడుతుంది. ‘గో’ అన్నప్పుడు పెదాలు ఎంత గుండ్రంగా వస్తాయో ‘వోంట్’కీ అంత రావాలి. ‘వాంట్’ వెనక ‘టు’ ఉంటుంది, ‘వోంట్’ వెనక సూటిగా క్రియ వస్తుంది. ఆ ‘టు’ మింగేస్తే వినేవాడికి ఆధారం పోతుంది.

‘కెన్’, ‘కాంట్’ల గొడవ అమెరికన్లతో ఎక్కువ. వాళ్లు ‘కాంట్’ని ‘క్యాంట్’ అంటారు, చివరి ‘ట్’ దాదాపు గొంతులోనే ఆగిపోతుంది. మరి తేడా ఎలా పట్టుకుంటారంటే, ఊనికని బట్టి. "ఐ కెన్ డూ ఇట్"లో ‘కెన్’ తేలిపోయి ‘కన్’లా వినపడుతుంది, బరువు ‘డూ’ మీద పడుతుంది. ‘క్యాంట్’ అయితే బరువు దాని మీదే. మనం "ఐ క్యాన్ డూ ఇట్" అని ‘క్యాన్’ని ఒత్తి పలికితే వాళ్లకి ‘చేయలేను’ అని చేరే ప్రమాదం ఉంది. చేయగలిగితే ‘డూ’ని ఒత్తండి. చేయలేకపోతే, ముఖ్యంగా లైన్ సరిగా లేని ఫోన్‌లో, ‘క్యాంట్’ని నమ్ముకోకుండా ‘కెనాట్’ అని విడదీసి చెప్పండి, లేదా ‘వోంట్ బీ ఏబుల్ టు’ అనండి. అందులో ‘ఏబుల్’ వినపడితే చాలు, అటువైపు మనిషి కనీసం మళ్లీ అడుగుతాడు.